పాప కంటిరెప్ప మీద ఎర్ర గడ్డ రోజురోజుకీ పెరుగుతోంది, కర్నూలు నుంచి ఎవరి దగ్గరికి తీసుకెళ్ళాలి?

సి క్యాంపు అమ్మ, కర్నూలు:

అందరికీ నమస్తే. మా పాపకు ఈరోజుతో 52 రోజులు. మొదటి కాన్పు. పుట్టినప్పుడు బరువు 2.3 కిలోలే, కానీ మిగతావన్నీ బాగున్నాయన్నారు. అప్పుడు ముఖం మీద ఏ మచ్చా లేదు, మొదటిరోజు వాళ్ళ నాన్న తీసిన ఫొటోలు కూడా ఉన్నాయి. పదకొండో రోజు నీళ్ళు పోసేటప్పుడు కుడి కంటి పైరెప్ప మీద గోరు గీరుకున్నట్టు సన్నటి ఎర్ర గీత కనిపించింది. గోరే అనుకుని చేతులకు గ్లౌజులు తొడిగాం. 21వ రోజు ఉయ్యాల్లో వేసేనాటికి కందిగింజంత అయింది. ఇప్పుడు రేగుపండును సగానికి కోసి రెప్ప మీద బోర్లించినట్టుంది. టమాటా ఎరుపు, ముట్టుకుంటే మెత్తగా, కాస్త వెచ్చగా ఉంటుంది, ఏడిస్తే ఇంకా ఉబ్బుతుంది. నాలుగైదు రోజులుగా పాలు తాగేటప్పుడు గమనిస్తున్నాను, ఎడమ కన్ను పూర్తిగా తెరిచి నా ముఖం చూస్తుంది, కుడి కన్ను సగమే తెరుస్తోంది.

ఊళ్ళోనే ఒక క్లినిక్‌లో చూపించాం. రెండు మూడేళ్ళలో దానంతట అదే పోతుంది, ఏమీ చేయొద్దు అని ఒక్క నిమిషంలో పంపేశారు. కన్ను సంగతి చెప్పబోతే వినలేదు. ఇంట్లో మా అత్తమ్మ, గ్రహణం రోజు నేను కత్తిపీట ముట్టుకున్నానని, అందుకే వచ్చిందని అంటోంది. ఎవరో పసరు పూసే ఆయన ఉన్నాడట, మూడు ఆదివారాలు పూస్తే గడ్డ రాలిపోతుందట, ఈ ఆదివారమే వెళ్దామంటోంది. నేను ఒప్పుకోలేదు. కానీ వద్దు అంటే మరి ఏం చేద్దామో చెప్పు అంటారు కదా, నా దగ్గర జవాబు లేదు.

ఇది ఎవరు చూస్తారు? స్కిన్ డాక్టరా, కంటి డాక్టరా, ఆపరేషన్ చేసేవాళ్ళా? కర్నూల్లోనే అవుతుందా, హైదరాబాద్ పోవాలా? మా ఆయన స్పేర్ పార్టుల షాపులో పనిచేస్తాడు, వెళ్ళని రోజు జీతం ఉండదు, అందుకే ఒక్కసారి వెళ్తే సరైన చోటికే వెళ్ళాలని అడుగుతున్నాను. రాత్రుళ్ళు టార్చిలైటు వేసి రెప్పను చూస్తూ కూర్చుంటున్నాను, నిద్ర పట్టడం లేదు.

నంద్యాల అక్క:

టెన్షన్ పడొద్దమ్మా. మా వాడికి వీపు మీద ఇలాంటిదే వచ్చింది, అర్ధరూపాయి బిళ్ళంత. ఏ మందూ వాడలేదు. ఏడాది నిండాక పైన బూడిద రాసినట్టు రంగు పాలిపోయింది, నాలుగో ఏడు వచ్చేసరికి ఉందా లేదా అన్నట్టయింది. ఇప్పుడు అక్కడ చర్మం కొంచెం వదులుగా ఉంటుంది అంతే. దేవుడి దయవల్ల మీ పాపకూ పోతుంది. పసరు మాత్రం వద్దు, నువ్వు ఒప్పుకోకపోవడమే మంచిది.

ఏడురోడ్ల నాన్న, కడప:

అమ్మా, పై అక్క చెప్పింది నిజమే, చాలామంది పిల్లలకు అలాగే పోతుంది. కానీ వీపు వేరు, కంటిరెప్ప వేరు. అదే మాటని నమ్మి మేం నెలన్నర పోగొట్టుకున్నాం, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మా పాపకు కింది పెదవి మీద వచ్చింది, ఇప్పుడు తనకు ఆరేళ్ళు. మాకూ ఆగండి, పోతుంది అనే చెప్పారు. రెండున్నర నెలలప్పుడు ఎరుపు మధ్యలో ఒకచోట తెల్లగా అయింది. తగ్గుముఖం పట్టిందని ఇంట్లో అందరం సంతోషపడ్డాం, మా అమ్మ కొబ్బరికాయ కూడా కొట్టింది. నాలుగు రోజులు తిరక్కుండానే సరిగ్గా ఆ తెల్లటి చోటే చిట్లి పుండు పడింది. చిన్న నెలల్లో అలా తెల్లబడటం తగ్గే గుర్తు కాదు, పుండు పడబోయే గుర్తు అని తర్వాత తెలిసింది. పాప ఆకలితో పాలకు వచ్చేది, పెదవి తగలగానే వెనక్కి లాక్కుని కేక పెట్టేది. మా ఆవిడ పాలు పిండి ఇస్తే, వెండి ఉగ్గుగిన్నె ముక్కుని పెదవికి తగలనీయకుండా నోటి మూల నుంచి ఒక్కో చుక్క జార్చేవాళ్ళం. యాభై మిల్లీలీటర్లు పట్టడానికి ముప్పావుగంట. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

అప్పుడు రైలెక్కి కాట్పాడిలో దిగి వేలూరు సీఎంసీకి వెళ్ళాం. స్కిన్ వాళ్ళు, పిల్లల డాక్టర్లు కలిసి చూశారు. దీని పేరు ఇన్ఫాంటైల్ హిమాంజియోమా, సన్న రక్తనాళాలు గుంపుగా పెరిగిన గడ్డ, క్యాన్సర్ కాదు అని చెప్పి ప్రోప్రనలాల్ మొదలుపెట్టారు. అది పెద్దవాళ్ళకు గుండెకీ బీపీకీ ఇచ్చే మందు. మూడు నెలల బిడ్డకు బీపీ మాత్ర ఏందిరా అని మా అమ్మ ఆస్పత్రి వరండాలోనే ఏడ్చింది. డాక్టరమ్మ ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పింది: ఫ్రాన్స్‌లో బోర్డో అనే ఊళ్ళో, ముక్కు మీద ఇలాంటి గడ్డ ఉన్న బిడ్డకు గుండె ఇబ్బంది వస్తే ఈ మందు ఇచ్చారట, మర్నాటికే గడ్డ రంగు మారి మెత్తబడిందట, ఆ సంగతి 2008లో పత్రికలో అచ్చు వేశారట. అంతకుముందు ఇలాంటి పిల్లలకు నెలల తరబడి స్టెరాయిడ్లే గతి. 2014లో అమెరికాలో దీన్ని పిల్లల హిమాంజియోమాకే ప్రత్యేకంగా అనుమతించారు కూడా.

మా పాపకు వారంలో టమాటా రంగు పోయి వంకాయ రంగుకి తిరిగింది, మూడు వారాలకు పుండు మానింది. ఏడాది నిండేదాకా మందు వాడాం. ఇప్పుడు గడ్డ లేదు, కానీ పుండు మానిన చోట పెదవి అంచున చిన్న నొక్కు మిగిలింది. నెలన్నర ముందు వెళ్ళుంటే అది కూడా ఉండేది కాదు. మీరు ఆదివారం దాకా కూడా ఆగొద్దు. వేలూరు వెళ్ళాలనుకుంటే మాత్రం కొన్ని విభాగాలు రాణిపేట క్యాంపస్‌కి మారాయి, ఎక్కడికి రావాలో కనుక్కుని బయల్దేరండి.

పిల్లల వార్డు సిస్టర్, కర్నూలు:

చెల్లీ, నేను పద్నాలుగేళ్ళుగా పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. పాపను చూడకుండా ఇది ఫలానాదే అని చెప్పడం నా పని కాదు. కానీ నువ్వు రాసిన దాంట్లో ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను, కుడి కన్ను సగమే తెరుస్తోంది అన్నావే, అదే. రేపు పొద్దున్నే వెళ్ళు.

ఎందుకంటే మొదటి నెలల్లో కన్ను చూసిన దాన్ని బట్టే మెదడు చూడటం నేర్చుకుంటుంది. ఒక కంటికి రెప్ప అడ్డం పడితే మెదడు ఆ కన్నుని వాడటం మానేసి రెండోదాని మీదే ఆధారపడుతుంది, దాన్నే లేజీ ఐ అంటారు. కన్ను పూర్తిగా మూసుకోకపోయినా ప్రమాదమే, గడ్డ బరువుకి నల్లగుడ్డు పైపొర వంపు మారి చూపు మసకబారుతుంది. మూడేళ్ళకు గడ్డ నిజంగానే మాయమైపోవచ్చు, కానీ ఈలోపు పోయిన చూపు గడ్డతో పాటు వెనక్కి రాదు. నీకు ఆ క్లినిక్‌లో చెప్పింది గడ్డ గురించి తప్పు కాదు, పాప గురించి తప్పు.

ఇంకోటి, ఈ గడ్డ అన్ని నెలల్లో ఒకేలా పెరగదు. ఐదు నుంచి ఎనిమిది వారాల మధ్య గబగబా పెరుగుతుంది, పెరగాల్సిందంతా చాలావరకు మూడో నెలకే పెరిగిపోతుంది. నువ్వు ఇప్పుడు సరిగ్గా ఆ నడుమలో ఉన్నావు. ఇలాంటి చోట వచ్చిన పిల్లల్ని నెల వయసుకల్లా తెలిసిన డాక్టర్ చూడాలని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. అలాగని ఆలస్యమైపోయిందని బెంగపడకు, 52 రోజులంటే మందు బాగా పనిచేసే వయసే.

ఎవరి దగ్గరికి అంటే, ముందు పిల్లల డాక్టర్, ఆయనతో పాటు స్కిన్, కన్ను. సర్జన్ దగ్గరికి ఇప్పుడు అవసరం రాదు. మన పెద్దాసుపత్రిలో మూడు విభాగాలూ ఒకే ఆవరణలో ఉన్నాయి, అది నీకు కలిసొచ్చే విషయం. పొద్దున్నే ఓపీ చీటీ పిల్లల విభాగానికి రాయించు, అక్కడే స్కిన్‌కీ కంటికీ అదేరోజు రిఫర్ చేయమని అడుగు. అడగడానికి మొహమాటపడకు, ఇట్లా అడుగు: "రెండు వారాలు కూడా నిండకముందు మొదలైంది, పెరుగుతోంది, కన్ను సగమే తెరుస్తోంది, హిమాంజియోమానా, ప్రోప్రనలాల్ ఇవ్వొచ్చా, కంటి పవర్ కొలుస్తారా?" ఇంత స్పష్టంగా చెప్తే ఎవరూ నిమిషంలో పంపరు. రెండు మూడు రోజుల్లో ఇక్కడ మొదలవదు అనిపిస్తే హైదరాబాద్‌లో నీలోఫర్ ఉంది, అది పిల్లల గవర్నమెంట్ ఆస్పత్రి, కంటికి ఎల్వీ ప్రసాద్ ఉంది, అక్కడ పిల్లల కళ్ళకే వేరే డాక్టర్లుంటారు. తుంగభద్ర ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళొచ్చు. ఖర్చు గురించి భయపడకు, ఆ మందు చాలా చవక, అయ్యే ఖర్చంతా తిరగడానికే. కార్డు తీసుకెళ్ళి ఆరోగ్యశ్రీ కౌంటర్లో (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) ఏది వర్తిస్తుందో కూడా కనుక్కో.

ఈ రాత్రి టార్చిలైటు పట్టుకుని ఎట్లాగూ కూర్చుంటావు కాబట్టి ఒక పని చెయ్. మీ ఆయన ఫోన్లో మొదటిరోజు నుంచి ఈరోజు దాకా ఉన్న ఫొటోలు తేదీల వరసలో ఒకచోట పెట్టు, డాక్టర్‌కి వాటిని మించిన రిపోర్టు లేదు. తర్వాత పాపను బట్టల్లేకుండా పడుకోబెట్టి తల వెంట్రుకల్లో, చంకల్లో, డైపర్ కింద, వీపు చివర ఇంకెక్కడైనా ఎర్ర మచ్చలున్నాయేమో లెక్కపెట్టు. ఐదు లేదా ఎక్కువుంటే కాలేయానికి స్కాన్ తీస్తారు. గడ్డం, దవడ చుట్టూ ఎర్రగా ఉండి ఊపిరి తీసేటప్పుడు గురక లాంటి శబ్దం వస్తుంటే అది గొంతు లోపల కూడా ఉందేమో అని అర్థం, అప్పుడు ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్ళాలి. నడుము కింద వెన్ను మీద ఉంటే వెన్నెముకకు స్కాన్, ముఖంలో సగం పరుచుకున్నంత పెద్దదైతే గుండెకి ఎకో, తలకి ఎంఆర్ఐ. నీ పాపకు ఇవేవీ అవసరం రాకపోవచ్చు, చూసి వెళ్తే డాక్టర్ అడిగినప్పుడు వెంటనే చెప్పగలవు. మీ రెండు వైపులా ఎవరికైనా ఆస్తమా, గుండె జబ్బు ఉంటే అదీ చెప్పాలి.

పసరు గురించి. మా వార్డుకి ఒక బాబు వచ్చాడు, నుదుటి మీద ఇలాంటి గడ్డకే ఏదో ఆకు నూరి కట్టారు, చర్మం కాలి, చీము పట్టి, జ్వరంతో తెచ్చారు. పది రోజులు డ్రెస్సింగ్ చేశాం, మార్చిన ప్రతిసారీ వాడి ఏడుపు నేను విన్నాను. అది నుదురు. నీ పాపది కన్ను. మీ అత్తమ్మకి ఈ సంగతి నా మాటగా చెప్పు. కాటుక, దిష్టిచుక్క కూడా ఆ చుట్టుపక్కల పెట్టొద్దు. ఇంకా మెడికల్ షాపులో అడిగి ఏ క్రీమూ పూయకు. టిమోలాల్ అనే కంటిచుక్కల్ని పలచటి చిన్న మచ్చల మీద వేయిస్తారు, ఎవరైనా అది చెప్తారేమో, డాక్టర్ రాయకుండా కొనొద్దు.

ఎనిమిది వారాల లోపు పిల్లలకు ప్రోప్రనలాల్ మామూలుగా వార్డులో ఉంచే మొదలుపెడతారు. మొదటి డోసు తర్వాత గంటకీ రెండు గంటలకీ గుండె వేగం, బీపీ చూస్తాం. అడ్మిట్ అన్నారంటే ఏదో పెద్ద జబ్బు అనుకుని భయపడొద్దు.

సి క్యాంపు అమ్మ, కర్నూలు:

సిస్టర్, మీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియడం లేదు. ఇప్పుడే లెక్కపెట్టాను, రెప్ప మీదది కాక ఎడమ తొడ మీద ఒక చిన్న చుక్క ఉంది, అంతే. ఊపిరి మామూలుగానే ఉంది. మీరు రాసింది మా అత్తమ్మకు చదివి వినిపించాను, బాబు సంగతి దగ్గర ఏమీ మాట్లాడలేదు, లేచి వెళ్ళి పాప పక్కన పడుకుంది. రేపు ఏడింటికే బయల్దేరుతున్నాం. కడప అన్నా, ఉగ్గుగిన్నె సంగతి చదివి నేనూ ఏడ్చాను.

అనంత టీచర్, అనంతపురం:

చెల్లీ, నాది వేరే రకం మచ్చ, కానీ నీ పోస్టు చదివాక రాయకుండా ఉండలేకపోయాను. నాకు 34 ఏళ్ళు. ఎడమ నుదురు, పైరెప్ప, చెంప, పైపెదవి దాకా ఎర్రటి మచ్చతోనే పుట్టాను. దీన్ని పోర్ట్ వైన్ స్టెయిన్ అంటారు. మీ పాపది పుట్టాక వచ్చి ఉబ్బుగా పెరిగింది, నాది పుట్టినప్పుడే చదునుగా ఉంది, గడ్డలా పెరగదు, నాతోపాటే సాగింది, అంతే. కానీ నాకూ అదే మాట చెప్పారు, పెద్దయ్యాక పోతుందని. ఈ రకం పోదు. ముప్పై దగ్గరపడేకొద్దీ ముదురు రంగయి మందంగా కూడా అవుతుంది. ఒకే మాట అన్ని ఎర్ర మచ్చలకీ చెప్పేస్తారు, మాలాంటివాళ్ళకి జరిగే మొదటి అన్యాయం అదే అనిపిస్తుంది నాకు.

నుదుటి మీదా పైరెప్ప మీదా ఈ మచ్చ ఉంటే కంట్లో ఒత్తిడి పెరగొచ్చని, కొందరికి మెదడు పొర మీద కూడా రక్తనాళాలు ఇలాగే ఉండి ఫిట్స్ రావచ్చని, దాన్ని స్టర్జ్ వెబర్ అంటారని మా ఇంట్లో ఎవరికీ తెలియదు, ఎవరూ చెప్పలేదు. నాకు ఫిట్స్ రాలేదు, కానీ 29వ ఏట కళ్ళద్దాల కోసం వెళ్తే ఎడమ కంట్లో గ్లకోమా (ఒత్తిడి వల్ల కంటి నరం దెబ్బతినే జబ్బు) బయటపడింది. అప్పటికే పక్కచూపు కొంత పోయింది. రోజూ రాత్రి చుక్కలు వేసుకుంటాను, జీవితాంతం వేసుకోవాలి. కాబట్టి ఇది చదివే తల్లులెవరైనా, బిడ్డ నుదుటి మీదో రెప్ప మీదో పుట్టుకతోనే చదునైన ఎర్రమచ్చ ఉంటే మొదటి వారాల్లోనే కంటి ఒత్తిడి చూపించండి, తర్వాత కూడా డాక్టర్ చెప్పిన గడువుకి చూపిస్తూనే ఉండండి. మెడ వెనకాల, కనుబొమల మధ్య లేత గులాబీ రంగు మచ్చలు చాలామంది పిల్లలకుంటాయి, ఏడిస్తే ముదురుతాయి, వాటికి కంగారు అక్కర్లేదు, ముఖం మీదవి ఏడాది రెండేళ్ళలో పాలిపోతాయి.

లేజర్ గురించి కూడా చాలామంది నన్ను అడుగుతారు. బెంగళూరులో ఏడుసార్లు చేయించుకున్నాను, అది పల్స్‌డ్ డై లేజర్. తిరగమోతలో ఆవాలు చిటపటలాడి చేతిమీద చిందితే ఎలా ఉంటుందో అలా వరసగా తగులుతుంది. తర్వాత పది రోజులు ఆ చోటంతా నేరేడుపండు రంగులో చుక్కలు చుక్కలుగా కమిలిపోతుంది. నాది ముదురు ఎరుపు నుంచి లేత గులాబీకి వచ్చింది, పూర్తిగా పోలేదు. పసితనంలోనే మొదలుపెడితే ఫలితం ఎక్కువంటారు. మన చామనఛాయకి రంగు మారే ప్రమాదం ఉంటుంది కాబట్టి ముందు కొంచెం చోట పరీక్షించి చేసేవాళ్ళ దగ్గరికే వెళ్ళాలి. మన అనంతపురం ఎండలకి నేనైతే వానాకాలం, చలికాలంలోనే డేట్లు పెట్టుకునేదాన్ని.

ఇక గ్రహణం. నా విషయంలో మా అమ్మ ముప్పై ఏళ్ళు ఆ నింద మోసింది. గ్రహణం ఊరందరికీ పట్టింది, ఆరోజు కడుపుతో ఉన్న ఆడవాళ్ళందరూ మచ్చల పిల్లల్నే కన్నారా? నా మచ్చకి కారణం 2013లో కనిపెట్టారు, జీఎన్ఏక్యూ అనే జన్యువులో ఒక్క చిన్న మార్పు, అది కడుపులో బిడ్డ తయారయ్యేటప్పుడు ఏదో ఒక కణంలో జరిగిపోతుంది, తల్లి నుంచీ తండ్రి నుంచీ రాదు. మీ పాప రకం గడ్డలు ఆడపిల్లల్లో, నెలలు నిండకుండా పుట్టినవాళ్ళలో, తక్కువ బరువుతో పుట్టినవాళ్ళలో ఎక్కువ. అందులో కత్తిపీట ఎక్కడా లేదు. నువ్వేం తప్పు చేయలేదు, ఎవరన్నా అంటే ఈ మాట చూపించు.

జనం అడుగుతారు. బస్సులో పక్కసీటు ఆవిడ కాలిందా తల్లీ అని అడుగుతుంది. చిన్నప్పుడు కొంగు కప్పుకునేదాన్ని, ఇప్పుడు "కాదండీ, పుట్టుకతో వచ్చిన రక్తనాళాల మచ్చ" అని ఆ ఒక్క వాక్యం చెప్పి కిటికీలోంచి చూస్తాను. స్కూల్లో కొత్త క్లాసుకి మొదటిరోజు నేనే చెప్తాను, ముట్టుకుని చూస్తామంటే చూడనిస్తాను, రెండో రోజుకి ఎవరికీ గుర్తుండదు. నీకు ఒక్కటే చెప్తాను, పాప ఫొటోలు కుడివైపు నుంచి కూడా తియ్యి. నా బాల్యం ఫొటోలన్నీ ఒకే పక్క నుంచి ఉన్నాయి, పెద్దయ్యాక ఆల్బం తిప్పుతుంటే అది మచ్చ కన్నా ఎక్కువ బాధపెట్టింది.

ఇంగ్లిష్ చదవగలిగినవాళ్ళకి వాస్క్యులర్ బర్త్‌మార్క్స్ ఫౌండేషన్ అని అమెరికాలో ఒక సంస్థ ఉంది, 1994లో ఒక తల్లే మొదలుపెట్టింది, తన కూతురికి హిమాంజియోమా వచ్చి ఎక్కడా సరైన సమాధానం దొరక్క. అక్కడ నిపుణుల్ని ప్రశ్నలు అడగొచ్చు. మే 15న ఈ మచ్చల గురించి అవగాహన దినం జరుపుతారు. నా మచ్చకి పేరు ఉందని, నాలాంటివాళ్ళు ఇంతమంది ఉన్నారని నేను తెలుసుకున్నది ఆ సంస్థ వల్లే, అప్పటికి నాకు 27 ఏళ్ళు.

ప్రొద్దుటూరు వాసి:

టీచరమ్మ చెప్పిన పేరు సంగతి నా విషయంలోనూ నిజం. నాకు పిక్కలో నీలంగా ఉబ్బు, చిన్నప్పటి నుంచీ. స్కాన్ రిపోర్టులో కేవర్నస్ హిమాంజియోమా అని రాశారు, 19 ఏళ్ళప్పుడు ఒకచోట కోసి తీసేశారు, రెండేళ్ళలో తిరిగి వచ్చింది, ఈసారి నొప్పితో. తర్వాత వేరేచోట పెద్ద డాక్టర్ చూసి, ఇది హిమాంజియోమా కానే కాదు, సిరలు పుట్టుకతోనే సరిగా ఏర్పడని వీనస్ మాల్‌ఫార్మేషన్, పెద్దవాళ్ళలో హిమాంజియోమా అని రాసిన చాలా రిపోర్టులు ఇవే అన్నారు. పెరిగి తగ్గే గడ్డలు వేరు, పుట్టుకతో ఉండిపోయే నాళాల లోపాలు వేరు అని బోస్టన్‌లో ఇద్దరు డాక్టర్లు 1982లోనే తేల్చి రాశారట, మన రిపోర్టుల్లోకి మాత్రం ఇంకా పాత పేరే వస్తోంది. దీన్ని చూసేది ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్ట్, స్కాన్‌లో చూసుకుంటూ సూదితో మందు లోపలికి పంపి ముడుచుకుపోయేలా చేస్తారు. మూడుసార్లు చేయించుకున్నాను, పగలు బిగుతు మేజోడు వేసుకుంటాను, ఇప్పుడు దుకాణంలో రోజంతా నిలబడగలుగుతున్నాను. కాళ్ళలో చేతుల్లో నీలం ఉబ్బులున్నవాళ్ళు కోయించుకునే ముందు ఒక్కసారి వాళ్ళని కలవండి.

సి క్యాంపు అమ్మ, కర్నూలు:

అందరికీ ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. పాపకు ఇప్పుడు 83 రోజులు.

ఆ మర్నాడే వెళ్ళాం. సిస్టర్ చెప్పినట్టే అడిగాను, గొంతు వణికింది కానీ అడిగేశాను. ఫొటోలు ఒక్కొక్కటే జరిపి చూపిస్తుంటే డాక్టర్ గారు కుర్చీలో ముందుకు వంగి ఫోన్ తన చేతిలోకి తీసుకున్నారు. అదేరోజు స్కిన్, కన్ను అయ్యాయి. కంట్లో చుక్కలు వేసి, ముప్పావుగంట ఆగి, లైటు వేసి కొలిచారు, కుడి కంటికి వంపు వల్ల పవర్ తేడా ఉందన్నారు. మూడు రోజులు అడ్మిట్ చేసుకుని మందు మొదలుపెట్టారు. మడమకి సూది గుచ్చి షుగర్ చూసినప్పుడు మాత్రం నేను బయటికి వచ్చేశాను, మా అత్తమ్మే పట్టుకుంది.

ఐదో రోజు పొద్దున రెప్ప రంగు మారింది. నేను వెలుతురు తేడా అనుకున్నాను, మా ఆయన కిటికీ దగ్గరికి ఎత్తుకెళ్ళి చూశాడు. ఇప్పుడు గడ్డ సగానికి పడింది, మధ్యలో బూడిద రంగు వచ్చింది (తెల్లబడిందని నేను హడలిపోయి చూపించాను, ఇది తగ్గే గుర్తేనన్నారు), కుడి కన్ను దాదాపు పూర్తిగా తెరుస్తోంది. రోజుకి గంటసేపు ఎడమ కంటికి ప్యాచ్ (కన్ను మూసే పట్టీ) వేయమన్నారు, కుడి కన్ను పనిచేయాలని. ఆ గంట పాప చాలా చిరాకు పడుతుంది, గిలక్కాయ కుడివైపు ఆడిస్తూ కూర్చుంటాను. నెలకోసారి కంటికి వెళ్ళాలి. చేతులు కాళ్ళు కొంచెం చల్లగా ఉంటున్నాయి, రాత్రి నిద్రలో ఉలిక్కిపడుతోంది, చెప్పాను, మందు వల్ల అలా కొందరికి ఉంటుందన్నారు.

ఇంకో సందేహం. వచ్చేవారం మా అమ్మగారి ఊరు ఆదోని వెళ్ళాలి. రాత్రి ఎనిమిదికి డోసు. బస్సులో పాప నిద్రపోతే, పాలు తాగకపోతే లేపి ఇవ్వాలా?

ఏడురోడ్ల నాన్న, కడప:

చాలా సంతోషం అమ్మా. మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. మా పాప అయితే ఆ చిన్నపాప ఫొటో చూపించమని అడుగుతోంది.

డోసు సంగతి: పాలు తాగకుండా ఇవ్వొద్దు, ఖాళీ కడుపున షుగర్ పడిపోతుంది. తాగుతూ ఉండగానో తాగిన వెంటనేనో ఇవ్వాలి. మాకు చెప్పింది ఏమిటంటే, ఒక డోసు తప్పితే తప్పనివ్వండి, తర్వాతిది మామూలు టైముకి మామూలు కొలతే ఇవ్వండి, రెండూ కలిపి మాత్రం ఇవ్వొద్దు అని. రెండు డోసుల మధ్య కనీసం తొమ్మిది గంటలు ఉండాలి. కక్కేస్తే మళ్ళీ ఇవ్వొద్దు. జ్వరం వచ్చి పాలు మానేసినా, వాంతులు విరేచనాలైనా, ఊపిరి తీసేటప్పుడు పిల్లికూతలు వినిపించినా మందు ఆపి ముందు డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఎప్పుడైనా బాగా చెమట పట్టి, వాలిపోయి, లేపినా లేవకపోతే ఫోన్లు కూడా వద్దు, నేరుగా ఆస్పత్రికే. మీ డాక్టర్ వేరేలా చెప్పుంటే అదే పాటించండి.

కుదిరితే సాయంత్రం ఆరున్నరకల్లా ఆదోని చేరేలా బయల్దేరండి, ఇంట్లో కూర్చుని పాలిచ్చి వేసుకోవచ్చు. సిరంజి రెండు పెట్టుకోండి, మాది ఒకసారి రైల్లో సీటు కింద పడిపోయి అర్ధరాత్రి గుంతకల్లు స్టేషన్‌లో మెడికల్ షాపు కోసం తిరిగాను.